ఖాళీ రేకు డబ్బాలతో ఆరుబయటి అలంకార దీపాలు

ఆరుబయట కూర్చునే చోటును అందంగా వెలిగించడానికి ఖరీదైన లాంతర్లు కొననవసరం లేదు. ఖాళీ రేకు డబ్బాలు, సుత్తి, రెండు సైజుల మేకులు చాలు.

డబ్బాపై కాగితాన్ని ఊడదీసి, జిగురు పోయేలా కడిగి, పదునైన అంచును ఆకురాయితో నున్నగా రుద్దాలి. తరువాత అంచుకు అంగుళం తక్కువగా నీళ్లు నింపి రాత్రంతా ఫ్రీజరులో ఉంచాలి. ఈ పనిని ఎంతమాత్రం దాటవేయకూడదు, ఎందుకంటే లోపల గట్టిపడిన మంచు దన్నుగా నిలిచినప్పుడే మేకు దెబ్బకు రేకు సొట్టపోకుండా ఉంటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది కనుక డబ్బా అడుగు కాస్త ఉబ్బవచ్చు. మంచు కరిగాక దానిని సుత్తితో చదును చేయవచ్చు.

కాగితంపై చుక్కలతో గీసిన నమూనాను డబ్బాకు అతికించి, మడతపెట్టిన తువాలుపై పడుకోబెట్టి, ప్రతి చుక్క దగ్గర మేకును నిటారుగా నిలిపి కొట్టాలి. పెద్ద రంధ్రాలకంటే దగ్గరదగ్గరగా ఉన్న సన్నని రంధ్రాల వెలుగే గోడపై ఎంతో నాజూకుగా పడుతుంది. వాననీరు నిలవకుండా అడుగున ఒక రంధ్రం, వేలాడదీసే తీగకు పైఅంచున ఎదురెదురుగా రెండు రంధ్రాలు ఉండాలి. బాగా ఆరాక తుప్పు పట్టకుండా రంగు వేయాలి.

లోపల బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ దీపాన్ని పెట్టడమే మేలు. మంట పెడితే రేకు చేయి కాలేంతగా వేడెక్కుతుంది. 2700 కెల్విన్ (వెలుగు రంగును తెలిపే కొలమానం) ప్రాంతపు పసుపు వెలుగు కంటికి హాయిగా ఉంటుంది. వానలో తడిసే చోట వాటర్‌ప్రూఫ్ దీపాలనే వాడాలి.