చెన్నై వీధుల్లో ఎండ తాకిడిని కొలవడం ఎలా?

రోహిణి కార్తెలో చెన్నై ఎండల గురించి మాట వస్తే అందరూ నుంగంబాక్కం, మీనంబాక్కం వాతావరణ కేంద్రాల అంకెలనే చెబుతారు. అవి గాలి ఆడే తెల్లటి పెట్టెలో, నీడన ఉంచిన థర్మామీటరు చూపే అంకెలు. టి.నగర్‌లో పానగల్ పార్కు పక్కన పేవ్‌మెంటు మీద కూర్చుని మల్లెపూలు కట్టే మనిషికి గాలి వేడితోపాటు ఎండ, తారురోడ్డు, గోడలు వెదజల్లే వేడి కూడా తగులుతుంది. పైగా తేమ వల్ల చెమట ఆరదు. కాబట్టి గాలి ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, వికిరణం (ఎండ, రోడ్డు, గోడలు వెదజల్లే వేడి) అనే నాలుగింటినీ ఆ మనిషి ఉన్నచోటే, ఒకే సమయంలో కొలవాలి.

మొదటి మూడింటికీ పరికరాలు సులువుగానే దొరుకుతాయి. గాలి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరుకు మాత్రం ఎండ తగలకుండా కవచం ఉండాలి. వికిరణానికి గ్లోబ్ థర్మామీటరు వాడతారు. నిగనిగలాడని నల్లరంగు పూసిన 150 మిల్లీమీటర్ల బోలు రాగి గోళం మధ్యలో సెన్సరును అమర్చితే అది ప్రామాణిక గ్లోబ్ అవుతుంది. అది కుదురుకోవడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది గనుక, నీడలు త్వరగా మారే వీధుల్లో బూడిదరంగు పూసిన 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతిని వాడేవారూ ఉన్నారు. అయితే చిన్న బంతిపై గాలి ప్రభావం ఎక్కువ కాబట్టి ఎండలో అది పెద్ద గోళం కంటే తక్కువ చూపుతుంది; దాని అంకెను సరిదిద్దకుండా కింది సూత్రంలో వేయకూడదు.

ఆ నాలుగూ కలిసి చెమట ఆరడం మీద చూపే ప్రభావాన్ని తడిబల్బు థర్మామీటరుతో అంచనా వేస్తారు. నూలు వత్తి చుట్టిన ఆ థర్మామీటరును ఎండకూ గాలికీ తెరిచే ఉంచి, రీడింగుకు అరగంట ముందే తడపాలి. డిస్టిల్డ్ వాటరే వాడాలి. ఉప్పు బోరు నీళ్లు పోస్తే వత్తి మీద తెల్లటి పొర కట్టి రీడింగు చెడుతుంది. నిలబడినవారి కోసమైతే పరికరాలను నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తున అమర్చడం వాడుక. నేల మీద కూర్చునేవారి కోసం ఇంకా కిందికి దించడమే న్యాయమని నా అభిప్రాయం, ఎందుకంటే కాలిన నేలకు వారే దగ్గర.

తడిబల్బు అంకెను 0.7తో, గ్లోబ్ అంకెను 0.2తో, గాలి ఉష్ణోగ్రతను 0.1తో గుణించి కూడితే వేడి తాకిడిని ఒకే అంకెలో చెప్పే డబ్ల్యుబిజిటి (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) సూచిక వస్తుంది. ఉదాహరణకు ఎండలో ఆ మూడూ వరుసగా 28, 45, 36 డిగ్రీలైతే సూచిక 32.2 అవుతుంది, చెట్టు నీడలో 27, 37, 35 అయితే 29.8. గాలి ఉష్ణోగ్రతలో తేడా ఒక్క డిగ్రీయే, సూచికలో మాత్రం 2.4. ఎండకు అలవాటుపడిన వ్యక్తి మధ్యస్థ శ్రమ చేస్తుంటే పనిచోట వేడి తాకిడికి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7243 సూచించే హద్దు 28 కనుక, ఈ ఉదాహరణలో నీడ కూడా ఆ హద్దు దాటినట్టే.

చెన్నైలో కొలిచే వేళను ఎంచుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే ఉష్ణోగ్రత తగ్గుతుంది, తేమ పెరుగుతుంది; అందువల్ల గాలి తిరగకముందు ఒకసారి, తిరిగాక మరోసారి కొలిచి, ఆ రెండింటినీ సగటు చేయకుండా విడివిడిగా రాసుకోవాలి. అక్కడ కనీసం పావుగంట నుంచి ఉన్నవారిని అదే సమయంలో పలకరించి, మైనస్ 3 (బాగా చలి) నుంచి ప్లస్ 3 (బాగా వేడి) వరకు ఉండే ఏడు మెట్ల కొలమానం మీద వారికి ఎలా ఉందో చెప్పమనాలి. ఎండ మంట ఎక్కువగా ఉందా, ఉక్కపోత ఎక్కువగా ఉందా అని వేర్వేరుగా అడిగితే, అక్కడ ముందుగా కావలసింది నీడా గాలా అన్నది తెలుస్తుంది.