అడాప్టర్ కొనే ముందు ఛార్జర్ మీద రాసింది చదవండి

విదేశాలకి వెళ్లేటప్పుడు కొనే అడాప్టర్ మన ప్లగ్‌ని అక్కడి సాకెట్‌లో పట్టేలా చేస్తుందంతే, వోల్టేజీని మార్చదు. అందుకే ముందు ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అని ఉన్న లైన్ వెతకండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే టెన్షన్ అక్కర్లేదు, ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే, అడాప్టర్ ఒక్కటి చాలు: బ్రిటన్‌కి జి టైప్, ఆస్ట్రేలియాకి ఐ, అమెరికాకి ఎ లేదా బి.

అసలు చిక్కంతా హెయిర్ డ్రయ్యర్ లాంటి వేడెక్కే వస్తువులతోనే. 120 వోల్టులకి చేసినదాన్ని 230 సాకెట్‌లో పెడితే దాదాపు నాలుగు రెట్లు పవర్ లాగి మాడిపోతుంది, ప్రమాదం కూడా. వోల్టేజీని మార్చే, 1,500 వాట్లు మోసే కన్వర్టర్ మోసుకెళ్లడం కన్నా రెండు వోల్టేజీలకీ పనిచేసే (డ్యూయల్ వోల్టేజ్) డ్రయ్యర్ కొనుక్కోవడం చాలా మేలు. కొన్నిటికి పిడి మీద చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని అక్కడి వోల్టేజీకి తిప్పాకే ప్లగ్ పెట్టండి.