పెరట్లో ఖాళీ నేల కప్పడానికి పాకే మొక్కని ఎలా ఎంచుకోవాలి?

మొక్క పేరు తర్వాత, ముందు ఎండ సంగతి చూడండి. ఒక సెలవు రోజు పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఆ జాగాకెళ్లి నీడ ఎక్కడ పడుతోంది, అక్కడ నడుస్తామా, కుళాయి నీళ్లు నిలుస్తాయా అన్నీ గమనించండి, ఇదేం చెయ్యకుండా నర్సరీకెళ్తే పూలు చూసి పడిపోతాం, నేనూ అలాగే పడ్డా.

రోజుకి ఆరు గంటలు ఎండ కాస్తే గడ్డి గులాబీ, అదే టేబుల్ రోజ్. కొనక్కర్లేదు, పక్కింట్లో అడిగి వేలెడు కొమ్మలు తుంచుకురండి, కింది ఆకులు తీసేసి మట్టిలో గుచ్చితే చాలు, కాండంలోనే నీళ్లుంటాయి కాబట్టి ఒక రోజు మర్చిపోయినా చావదు. నీళ్లు ఎక్కువైతేనే కుళ్లిపోతుంది. తినేది కావాలంటే దీని చుట్టమే గంగవాయిలి కూర, పావిలి కూర అని కూడా అంటారు.

చెట్టు నీడలో అయితే జీబ్రీనా, ఊదా చారల ఆకులది. కుళాయి దగ్గర తడి ఆరని చోట సరస్వతి ఆకు, కణుపు కణుపుకీ వేరేసుకుని పాకుతుంది. అప్పుడప్పుడు నడిచే చోటయితే మాత్రం వీటిలో ఏదీ వద్దు, గరికే నయం.

వెడేలియా జోలికి మాత్రం పోకండి. పసుపుపచ్చటి పూలు బాగుంటాయి, అందుకే నాలుగు కొమ్మలు తెచ్చిపెట్టా, రెండు వర్షాకాలాల్లో కరివేపాకు మొదలు కూడా కనిపించకుండా కప్పేసింది, తెగిన ముక్క పడినా మళ్లీ లేస్తోంది. ప్రపంచంలో 100 మొండి ఆక్రమణ జాతుల లిస్టులో దీని పేరుంది, తెలిసేసరికి ఆలస్యమైంది.

ఇక నాటడం. తొలకరి పడ్డాక మొదలుపెట్టండి, అంతకన్నా ముందు తుంగ తీసెయ్యాలి, పైన పీకితే లాభం లేదు, గునపంతో తవ్వి నల్లగా ఉండే ఆ గడ్డలు ఏరెయ్యాలి, ఒక్కటి మిగిలినా మీ మొక్కల మధ్యలోంచి సూదిలా పొడుచుకొస్తుంది. గుప్పెడు పశువుల ఎరువు కలిపి జానెడు దూరంలో నాటండి. గుమ్మం పక్కన, పిల్లలు ఆడేచోట మరీ గుబురుగా పెంచొద్దు, పాములున్నా కనిపించవు.

మొక్కలు ఒకదానికొకటి తాకేదాకా వారానికోసారి కలుపు చేత్తోనే తియ్యాలి, నడుంనొప్పి ఖాయం.