క్రెడిట్ కార్డు బాకీని తక్కువ మిత్తి కార్డుకు మార్చుకోవడం: దరఖాస్తు విధానం

మన వరంగల్ వైపు అప్పు మాట వస్తే ముందు తేల్చుకునేది మిత్తి. నూటికి రెండు రూపాయలంటే సరేనంటాం, మూడంటే వెనకాడతాం. అదే క్రెడిట్ కార్డు దగ్గరకొచ్చేసరికి నూటికి మూడున్నర రూపాయలు కడుతున్నామని చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఒకసారి మీ బిల్లు తీసి చూడండి. బాకీ 80,000 ఉందనుకుందాం. 5 శాతం లెక్కన మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, 4,000. నెలకు 3.5 శాతం చొప్పున మిత్తి 2,800, దాని మీద 18 శాతం జీఎస్టీ 504. కట్టిన 4,000లో 3,304 ఇలాగే పోతుంది. అసలులో తగ్గేది 696 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న వస్తువులకు కూడా మొదటి రోజు నుంచే మిత్తి పడుతుంది.

దీని నుంచి బయటపడే దారుల్లో ఒకటి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్. ఒక బ్యాంకు కార్డు మీద ఉన్న బాకీని ఇంకో బ్యాంకు కార్డు తీర్చేస్తుంది, మీరు ఆ రెండో బ్యాంకుకు తక్కువ మిత్తితో కిస్తీలు కడతారు. ఒకే బ్యాంకువి రెండు కార్డులుంటే వాటి మధ్య కుదరదు.

రెండో కార్డు ఇప్పటికే ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే ముందు దానికి దరఖాస్తు చేయాలి. పాన్, ఆధార్, ఉద్యోగులైతే మూడు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. హన్మకొండ చౌరస్తాలో దుకాణం నడిపేవాళ్లకు స్లిప్పులు ఉండవు కాబట్టి ఐటీ రిటర్నులు చూపించాలి. అప్లై చేసేముందు సిబిల్ రిపోర్టు (మీ అప్పుల చరిత్ర, స్కోరు చూపించేది) చూసుకోండి, ఏడాదికి ఒకసారి ఉచితంగానే వస్తుంది. నాలుగైదు బ్యాంకులకు ఒకేసారి మాత్రం అప్లై చేయకండి. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో కనిపిస్తుంది, స్కోరు తగ్గుతుంది.

కార్డు చేతికొచ్చాక ఆ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అనే చోటికి వెళ్లాలి. దొరక్కపోతే కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. పాత కార్డు నంబరు, ఆ బ్యాంకు పేరు, మార్చాల్సిన మొత్తం, ఎన్ని నెలల్లో కడతారు అనేవి ఇవ్వాలి. కొత్త కార్డు లిమిట్‌లో కొంత భాగం వరకే ఒప్పుకుంటారు, కాబట్టి మొత్తం బాకీ మారకపోవచ్చు. ఓటీపీ కొట్టేముందు మూడు సంగతులు అడిగి తీరాలి: మిత్తి తగ్గుతున్న అసలు మీద వేస్తారా, మొదటి అసలు మీదే వేస్తారా? ప్రాసెసింగ్ ఫీజు ఎంత? ముందే కట్టేస్తే ఛార్జీ ఉందా?

లెక్క ఇలా వేసుకోండి. 80,000కు నెలకు 1.5 శాతం, తగ్గుతున్న అసలు మీద, 12 కిస్తీలు, 2 శాతం ఫీజు అనుకుంటే, జీఎస్టీతో కలిపి అదనంగా పడేది సుమారు 11,300. నెలకు సగటున 7,600. అదే 7,600 పాత కార్డుకే కడుతూ పోతే 14 నెలలు దాటుతుంది, అదనంగా 27,000 దాకా పోతుంది. మీకు చెప్పిన రేటుతో ఇదే లెక్క వేసి చూడండి. తేడా రెండు మూడు వేలే అయితే ఈ తిప్పలు అవసరం లేదు. కాజీపేటలో రైల్వే ఉద్యోగులకు సొసైటీ లోన్ దొరికితే, లేదా ఇంట్లో బంగారం మీద బ్యాంకు లోన్ వస్తే, చాలాసార్లు వాటికే మిత్తి తక్కువ.

ఇక నాకు దెబ్బ తగిలిన చోటు చెప్తాను. డబ్బు పాత కార్డుకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. నేను ఫారం ఇచ్చేశాను కదా అని ఆ నెల పాత బిల్లు కట్టలేదు. గడువు దాటింది, లేట్ ఫీజు పడింది. అది కట్టి ఊపిరి పీల్చుకుంటే, తర్వాతి నెల మళ్లీ 1,900 చిల్లర బిల్లొచ్చింది. చివరి బిల్లు తేదీ నుంచి డబ్బు జమ అయిన రోజు వరకు పడిన మిత్తి అది. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మీరు అలా చేయకండి. డబ్బు జమ అయినట్టు పాత కార్డు నుంచి మెసేజ్ వచ్చేదాకా అక్కడ మినిమమ్ అయినా కట్టండి, ఆ తర్వాత వచ్చే ఒకటి రెండు బిల్లులు కూడా చూసి సున్నా చేయండి.

కిస్తీలు నడుస్తున్నన్నాళ్లు కొత్త కార్డు బీరువాలో ఉండాలి. దాని మీద కొత్తగా కొంటే ఆ మొత్తం వేరే రేటుకు లెక్క కావచ్చు.

"మీ కార్డు బిల్లు మేం కడతాం, తర్వాత అదే కార్డు గీకి మా డబ్బు తీసుకుంటాం, నూటికి రెండు మూడు రూపాయలివ్వండి" అనే రొటేషన్ వాళ్లు ఊరంతా ఉన్నారు. ఇది బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కాదు, కార్డు నిబంధనలకు విరుద్ధం. ప్రతి నెలా కమీషన్ పోతుంది, అసలు అక్కడే ఉంటుంది. అలాగే ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లకు చెప్పారో, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. పొరపాటున చెప్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పాత కార్డు ఇక వద్దనుకుంటే, బాకీ సున్నా అయ్యాక మూసేయమని రాసివ్వండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 7 పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయలు మీకు ఇవ్వాలి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. దానికి ఖర్చేమీ లేదు. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు, బాకీ సున్నా చూపించే స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోండి.