బర్నార్డ్ తారను ఎలా చూడాలి?

సూర్యుడి చుట్టుపక్కల ఉన్న నక్షత్రాల్లో ఎక్కువ భాగం ఎర్ర మరుగుజ్జులే, అంటే సూర్యుడి కంటే చిన్నవైన, చల్లనైన, మసక తారలే. అయినా వాటిలో ఒక్కటి కూడా ఉత్త కంటికి ఆనదు. మొదటిసారి వెతికేవాళ్లకు నేను బర్నార్డ్ తారనే సూచిస్తాను. సూర్యుడి ద్రవ్యరాశిలో ఆరో వంతు కూడా లేని ఈ తార దాదాపు 6 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. 2024లో దీని చుట్టూ ఒక గ్రహం ఉందని ప్రకటించారు, మరుసటి ఏడాదికి ఆ లెక్క నాలుగుకు చేరింది.

దీని మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత; అంకె పెరిగేకొద్దీ తార మసకగా ఉంటుంది) 9.5. చీకటి ఆకాశంలో, స్టాండుకు బిగించిన పెద్ద బైనాక్యులర్స్‌తో కష్టపడి పట్టుకోవచ్చు. 80 మిల్లీమీటర్ల టెలిస్కోప్ ఉంటే హాయిగా కనిపిస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా, చంద్రుడు లేని రాత్రులు ఎంచుకోండి.

ముందుగా ఓఫియుకస్ నక్షత్ర మండలంలోని తార సెబల్రాయ్‌ని గుర్తించండి. ఇది కంటికే కనిపిస్తుంది. అక్కడి నుంచి తూర్పుకు 4 డిగ్రీలు జరిగితే, చిన్న తారలు వి ఆకారంలో ఉంటాయి. వాటిలో ఉత్తరం కొసన ఉన్నది 66 ఓఫియుకి. బైనాక్యులర్స్‌లో ఇదీ సెబల్రాయ్ కూడా ఒకేసారి కనిపిస్తాయి. 66కు వాయవ్యంగా, ముప్పావు డిగ్రీ దూరంలో మన తార ఉంది.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఈ తార ఏడాదికి 10.3 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) చొప్పున ఉత్తరానికి జరుగుతోంది. ఆకాశంలో ఇంత వేగంగా కదిలే నక్షత్రం మరొకటి లేదు. 1916లో ఈ సంగతి గమనించిన ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ పేరే దానికి స్థిరపడింది. 2000 సంవత్సరానికి వేసిన పటం చూస్తే, తార అందులోని చుక్క కంటే 4 ఆర్క్ నిమిషాలకు (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం) పైగా ఉత్తరాన దొరుకుతుంది. అందుకే స్టెల్లేరియం అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్‌లో ఇవాళ్టి తేదీ పెట్టి, చుట్టుపక్కల తారలతో సరిపోల్చుకోండి. రంగు చూసి గుర్తుపడదామనుకోవద్దు: ఇంత మసక తారలో ఎరుపు కంటికి తెలియదు, మహా అయితే లేత నారింజ ఛాయ.

దొరికాక అక్కడితో ఆపేయకండి, దీని అసలు అందం కదలికలోనే ఉంది. పక్కనున్న రెండు మూడు తారలతో కలిపి బొమ్మ గీయండి. తేదీ, వాడిన ఐపీస్ (టెలిస్కోప్‌లో కంటి దగ్గరి లెన్స్) రాసుకోండి. చేత్తో గీసిన బొమ్మల్లో తేడా తెలియడానికి కొన్నేళ్లు పడుతుంది. టెలిస్కోప్‌కు కెమెరా తగిలించి తీస్తే, ఏడాది తేడాతో తీసిన రెండు ఫోటోలు ఒకదానిపై ఒకటి పెట్టగానే మిగతావన్నీ కలిసిపోయి ఇదొక్కటే పక్కకు జరిగి కనిపిస్తుంది.