నెలల తరబడి రోగి సేవలో ఉండి ఇంటికి వచ్చాక పెంపుడు జంతువులకు మళ్లీ దగ్గరవడం ఎలా

మంచం పట్టిన తల్లికో తండ్రికో సేవ చేయడానికి బయలుదేరినవారికి తిరుగు ప్రయాణం ఎప్పుడో ముందుగా తెలియదు. పది రోజుల్లో వచ్చేస్తామని వెళ్లినవారికి పది నెలలు పట్టవచ్చు. ఈలోగా ఇంట్లోని కుక్కో పిల్లో ఇంకొకరి చేతి తిండికి అలవాటుపడి, ఇంకొకరి అడుగుల చప్పుడుకు లేస్తూ, మనం లేని దినచర్య ఒకటి ఏర్పరచుకుంటుంది. కనుక తిరిగివచ్చిన మొదటి వారం పది రోజులు మన ఇంట్లో మనమే అతిథులమనుకుని మెలగడం మేలు. నేను పదకొండు నెలలు అమ్మ దగ్గర ఉండి వచ్చినప్పుడు ఈ సంగతి తెలియక కొన్ని పొరపాట్లు చేశాను. కింది సూచనల్లో సగం వాటి నుంచి నేర్చుకున్నవే.

పని ప్రయాణానికి ముందే మొదలవుతుంది. ఇన్నాళ్లూ జంతువును చూసుకున్నవారిని ఫోనులో తీరికగా అడిగి కొన్ని విషయాలు రాసిపెట్టుకోవాలి: ఇప్పుడు ఏం తింటోంది, ఎన్నిసార్లు తింటోంది, ఎక్కడ పడుకుంటోంది, కొత్తగా దేనికి బెదురుతోంది, ఏ టీకా ఎప్పుడు వేయించారు, మందులేమైనా నడుస్తున్నాయా అన్నవి. వీలుంటే ఉతకని పాత చొక్కానో దుప్పటినో వారం ముందుగా పంపి, అది పడుకునే చోటికి దగ్గరలో వేయించడం మంచిది. మన కంటే ముందు మన వాసన ఇల్లు చేరుతుంది. పిల్లులు యజమాని గొంతును అపరిచితుల గొంతుల నుంచి వేరుగా గుర్తుపడతాయని జపాన్ పరిశోధకులు 2013లో చూపించారు కాబట్టి ఫోనులో పలకరించడమూ వృథా కాదు. అయితే గొంతు విని మనిషి కోసం గదులన్నీ వెతికి బెంగపడే కుక్క విషయంలో మాత్రం దాన్ని మానేయాలి.

మరిచిపోయి ఉంటుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. చార్లెస్ డార్విన్ 1836లో సముద్రయానం ముగించుకుని వచ్చాక, కొత్తవాళ్లెవరినీ దగ్గరికి రానివ్వని తన కుక్కను పరీక్షించాలని అది ఉండే గుర్రపుశాల దగ్గరికి వెళ్లి పాత పద్ధతిలోనే పిలిచాడు. అయిదేళ్ల రెండు రోజుల ఎడబాటు తర్వాత ఆ కుక్క సంతోషమేమీ కనబరచకుండా, అరగంట క్రితమే విడిపోయినట్టు, వెంటనే ఆయన వెనుక నడిచి చెప్పిన మాట వింది. ఇందులో నాకు ముఖ్యమనిపించేది దాని జ్ఞాపకశక్తి కాదు, అది సంతోషం చూపకపోవడం. గంతులు వేయని కుక్క మనల్ని మరిచిపోయిందనుకోవడం తొందరపాటు.

ఆసుపత్రి నుంచి నేరుగా వస్తున్నవారి ఒంటి మీద మందుల వాసన, చేతులు శుభ్రం చేసుకునే ద్రవం వాసన, మరొక ఇంటి సబ్బు వాసన కలిసి ఉంటాయి. కన్ను చెప్పేదొకటి, ముక్కు చెప్పేదొకటి అయినప్పుడు కుక్క తటపటాయించడం సహజం. వీలైతే స్నానం చేసి, ఇంటి బీరువాలోని పాత బట్టలు కట్టుకున్నాకే పలకరింపులకు కూర్చోవాలి.

కుక్కను కలిసే తొలి నిమిషాల్లో ఎంత తక్కువ చేస్తే అంత మంచిది. దాని మీదికి వంగకుండా, కళ్లలోకి సూటిగా చూడకుండా, కాస్త పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, చేతిని కిందికి వదిలి, అది వచ్చేదాకా ఆగాలి. నేను గుమ్మంలోనే పేరు పెట్టి గట్టిగా పిలిచి, వంగి కావలించుకోబోయాను. పదకొండేళ్ల మా కుక్క నా చేతుల్లోంచి జారిపోయి తమ్ముడి కాళ్ల వెనక నిలబడింది. ఆ రోజు సాయంత్రం నేను నేల మీద కూర్చుని బ్యాగు విప్పుతుంటే తనంతట తానే వచ్చింది. ముందు చొక్కా చేతి అంచు, తర్వాత గడియారం పట్టీ, తర్వాత మోచేతి మడత, ఒక్కొక్క చోటా ఆగి ఆగి, అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు వాసన చూసింది. చివరికి నా మోకాలికి వీపు ఆనించి, ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. నేను కదలలేదు, ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే.

కొన్ని కుక్కలు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ఉప్పొంగిపోయి, నిలబడ్డ చోటే మూత్రం వదిలేస్తాయి. అది ఉద్వేగం వల్ల జరిగేది కనుక కసరకూడదు. మాట్లాడకుండా తుడిచేసి, మరుసటిసారి పలకరింపు ఆరుబయట పెట్టుకుంటే సరిపోతుంది. వయసు మళ్లిన కుక్క నున్నటి గచ్చు మీద ఎగిరితే కీళ్లకు దెబ్బ, కాబట్టి పాత చాప ఏదైనా పరచాలి. చాలాకాలానికి యజమానిని చూసిన కుక్క కంట నీరు పెట్టుకుందని చెప్పుకోవడం మనకు ఇష్టం. కొన్ని గంటల ఎడబాటు తర్వాత యజమానిని చూసినప్పుడు కుక్కల కళ్లలో తడి పెరుగుతుందని 2022లో జపాన్‌లోనే ఒక పరిశోధన తేల్చిన మాట నిజమే గాని, ఆ తేడాను కాగితపు పట్టీతో కొలవవలసి వచ్చింది. దానికోసం ముఖంలో ముఖం పెట్టి వెతకనవసరం లేదు.

పిల్లి సంగతి వేరు. దాన్ని పట్టించుకోకపోవడమే దానికి మనమిచ్చే మర్యాద. మంచం కింద దూరితే బయటికి లాగకుండా అదే గదిలో కూర్చుని మన పని మనం చేసుకోవాలి. అది మన వైపు చూసినప్పుడు కళ్లు సగం మూసి నెమ్మదిగా తెరిస్తే, అది కూడా అలాగే బదులివ్వవచ్చు. ఇలా రెప్పలు మెల్లగా ఆర్పే మనుషుల దగ్గరికి పిల్లులు ఎక్కువగా వస్తాయని బ్రిటన్ పరిశోధకులు 2020లో ప్రచురించారు. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులు ఉంటాయి. అది బుగ్గను మన కాలికి రుద్దితే తన గుర్తు మళ్లీ మన మీద వేసుకున్నట్టే. బ్యాగు మీద మూత్రం పోస్తే దాన్ని పగ అనుకోవడం పొరపాటు. పరాయి వాసనల మూట ఒకటి ఇంట్లోకి వచ్చినందుకు కలిగిన కలవరం అది. కొన్నాళ్లు బ్యాగును ఎత్తున పెట్టాలి.

రెండు లక్షణాలను మాత్రం అలక కింద కొట్టిపారేయకూడదు. పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే పశువైద్యుడికి ఫోను చేయాలి, ఎందుకంటే తిండి మానిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కొద్దిరోజుల్లోనే కాలేయం దెబ్బతింటుంది. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే తెల్లవారేదాకా ఆగకూడదు, అది ప్రాణాంతకం. కుందేలు ఉన్న ఇంట్లో ఈ గడువు ఇంకా తక్కువ. అది అర పూట మేత ముట్టకపోయినా ఆలస్యం చేయరాదు. చిలుక కొత్త మనిషికి మచ్చికై మనల్ని కరవవచ్చు. చేయి చాపకుండా పంజరం దగ్గర కూర్చుని మాట్లాడుతూ పోవడం తప్ప దగ్గరి దారి లేదు.

నా దృష్టిలో అన్నిటికంటే సున్నితమైనది ఇన్నాళ్లూ చూసుకున్న మనిషి విషయం. వచ్చీ రాగానే తిండి గిన్నె చేతిలోంచి తీసేసుకుని, ‘ఇక నేను చూసుకుంటాను’ అనడం ఆ మనిషికీ జంతువుకీ కూడా కష్టమే. మొదటి వారం ఉదయం తిండి వారు, సాయంత్రం తిండి మనం పెట్టవచ్చు. నడకకు ఇద్దరూ కలిసి వెళ్లవచ్చు. పిల్లి ఇంకా వాళ్ల గదిలోనే పడుకుంటానంటే పడుకోనివ్వాలి. కుక్క లావైందనో గోళ్లు పెరిగాయనో దెప్పడం తగదు. తిండి మార్చదలిస్తే పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ వారం నుంచి పది రోజుల్లో మార్చాలి. ఒకేసారి మారిస్తే విరేచనాలు పట్టుకోవచ్చు.

రెండో వారంలో ఒకసారి వైద్యుడికి చూపించి బరువు, పళ్లు, చెవులు, టీకాలు, నులిపురుగుల మందు సరిచూసుకోవాలి. నెలలు మనకు నెలలే, ముసలి కుక్కకు ఏళ్లతో సమానం. పిలిస్తే పలకనిది అలిగి కాక వినబడక పలకకపోవచ్చు. రాత్రిళ్లు గదిలో తిరుగుతూ మూలల్లో నిలబడిపోయేదానికి మతిమరుపు మొదలై ఉండవచ్చు.

పలకరింపులు ముగిశాక కుక్కకు మరో భయం పట్టుకుంటుంది: మళ్లీ వెళ్లిపోతారేమోనని. స్నానాల గది దాకా వెంటపడుతుంది, తాళంచెవుల చప్పుడైతే వణుకుతుంది. జాలిపడి నెలంతా ఇల్లు కదలకపోతే ఆ భయం ముదురుతుంది. రెండు నిమిషాలు బయటికి వెళ్లి రావాలి. అది నెమ్మదిగా ఉంటే అయిదు నిమిషాలు, ఆపైన పదిహేను నిమిషాలు, ఇలా పెంచుతూ పోవాలి. వెళ్లేటప్పుడూ వచ్చినప్పుడూ హడావిడి ఉండకూడదు. తలుపులు గీరడం, చొంగ కార్చడం, ఆగకుండా ఏడవడం తగ్గకపోతే అది వైద్యుడికి చెప్పవలసిన విషయం.

మన అలసటనూ లెక్కలోకి తీసుకోవాలి. రాత్రిళ్లు నిద్రలేక, బహుశా మనిషిని పోగొట్టుకుని వచ్చినవారు, గుమ్మం దాటగానే కుక్క వచ్చి ఒళ్లో తల పెట్టి ఓదారుస్తుందని ఆశపడతారు. అది జరగకపోతే ఆ నొప్పి మామూలుగా ఉండదు. మొదటి రాత్రి దాని నుంచి ఏమీ ఆశించకపోవడం, మన ఏడుపు మనం వేరే గదిలో ఏడవడం ఇద్దరికీ తేలిక. రోగినే వెంట తీసుకొస్తున్నట్లయితే, వారికి రోగనిరోధక శక్తి తగ్గి ఉంటే, పిల్లి మలవిసర్జన పెట్టెను వారు ముట్టకూడదు. ఇతరులు దాన్ని రోజూ శుభ్రం చేయాలి, ఎందుకంటే అందులో ఉండగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి అంటుకునే శక్తి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది.

మళ్లీ వెళ్లవలసిన అవసరం ఉన్నవారు బ్యాగును అటక మీదికి ఎక్కించకండి. అది కిందికి దిగినప్పుడల్లా జంతువుకు ప్రయాణం అర్థమైపోతుంది. మా బ్యాగు ఇప్పుడు హాలులో ఒక మూల మూత తెరిచే ఉంటుంది. మొదటి నెలలో దాని జిప్పు చప్పుడు వింటే కుక్క లేచి తలుపు దగ్గర నిలబడేది. ఇప్పుడు అందులో పాత తువ్వాలు పరిచి ఉంది, పిల్లి పడుకుంటోంది.