రిజల్ట్స్ సీజన్ వస్తోంది, మెడికల్ డివైస్ షేరుకు డి.సి.ఎఫ్. వేసేవాళ్లు ఇవి చూసుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో షేర్ల టార్గెట్లు తిరగడం మొదలవుతుంది. మార్చితో ముగిసిన ఏడాది ఫలితాలను లిస్టెడ్ కంపెనీలు మే 30 లోపు ఇచ్చేయాలి కాబట్టి ఆ రెండు నెలలూ హడావిడే. ఈసారి మెడికల్ షాపులవాళ్లు, రెప్‌లు, రిటైరైన మాస్టార్లు కూడా స్టెంట్ల (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే గొట్టం) కంపెనీ, క్యానులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) కంపెనీ అంటూ "డి.సి.ఎఫ్. ప్రకారం ఇంత రావాలి" అని ఎక్సెల్ షీట్లు పంపుకుంటున్నారు. డి.సి.ఎఫ్. అంటే కంపెనీకి ముందు ముందు మిగిలే నగదును నేటి విలువకు తగ్గించి షేరు ధర అంచనా వేసే పద్ధతి. షీటు వేయడం మంచి పనే, వేయమనే నేనూ చెబుతాను. కానీ పిల్ల చదువుకని దాచిన డబ్బును చివర్లో వచ్చిన ఒక్క అంకెను నమ్మి పెట్టొద్దు.

ఎందుకో లెక్కతోనే చూడండి. ఒక కంపెనీకి వచ్చే ఏడాది ఖర్చులు, పన్నులు, కొత్త మెషిన్లు అన్నీ పోను 100 కోట్ల నగదు మిగులుతుందనుకుందాం. అది ఐదో ఏడాది దాకా ఏటా 12 శాతం పెరుగుతుంది, ఆ తర్వాత ఎప్పటికీ 5 శాతం చొప్పున పెరుగుతుంది, డిస్కౌంట్ రేటు, అంటే రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించే రేటు, 12 శాతం. నేటి విలువ సుమారు 1,786 కోట్లు వస్తుంది. అందులో మొదటి ఐదేళ్లది 446 కోట్లే, మిగతా 1,340 కోట్లు, అంటే ముప్పావు వంతు, ఎవరూ చూడని ఆరో ఏడాది నుంచి వచ్చేది, దాన్నే టెర్మినల్ విలువ అంటారు. నికర అప్పు (చేతిలో ఉన్న నగదు పోను మిగిలే అప్పు) 100 కోట్లు తీసేసి 10 కోట్ల షేర్లతో భాగిస్తే షేరుకు 169 రూపాయలు. ఇప్పుడు డిస్కౌంట్ రేటు ఒక్క శాతం పెంచి 13 చేయండి, షేరు 146 అయిపోతుంది. రేటు 11 చేసి చివరి పెరుగుదలను 6 చేయండి, 234కి ఎగురుతుంది. కంపెనీలో ఏమీ మారలేదు, మారింది మీ షీట్లో రెండు గళ్లు. అందుకే గ్రూపులో ఎవరైనా "ఫెయిర్ వాల్యూ 234" అని రాస్తే ముందు ఆ రెండు గళ్లలో ఏముందో అడగండి, చెప్పకపోతే ఆ అంకెను పక్కన పెట్టేయండి.

డిస్కౌంట్ రేటుకు పోస్టాఫీసు డిపాజిట్ వడ్డీని వాడేవాళ్లను చూశాను, అది అస్సలు వద్దు. పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి దగ్గర మొదలుపెట్టి, దాని మీద షేరుకుండే రిస్కును కలపాలి, చిన్న కంపెనీ అయితే ఇంకొంచెం ఎక్కువ.

అసలు జాగ్రత్త పడాల్సింది ఈ రంగానికే ఉన్న ప్రమాదాల దగ్గర. మొదటిది ధరల నియంత్రణ. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు పూత ఉన్న స్టెంటు గరిష్ఠ ధరను 29,600 రూపాయలుగా, పూత లేనిదాన్ని 7,260గా నిర్ణయించింది, అంతకుముందు పూత స్టెంట్లు చాలాచోట్ల లక్ష దాటి అమ్ముడయ్యేవి. అదే ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్ల వంతు వచ్చింది. గుండె జబ్బున్న మనిషికి అది ఎంత మేలో మనందరికీ తెలుసు, ఆ మేలు జరగాల్సిందే. కానీ అమ్మకం ధర ఏటా పెరుగుతూనే పోతుందని గీసిన షీటు అలాంటి రోజున ఎందుకూ పనికిరాదు. కాబట్టి మూడో ఏడాదిలో ముఖ్యమైన ఉత్పత్తి ధర పాతిక శాతం పడితే ఏమవుతుందో ఇంకో షీటు తప్పకుండా వేసి పెట్టుకోండి.

రెండోది రీకాల్. ఫిలిప్స్ అంత పెద్ద కంపెనీ 2021 జూన్‌లో నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు వాడే మెషిన్లను, కొన్ని వెంటిలేటర్లను లోపలి ఫోమ్ పాడవుతోందని వెనక్కి పిలవాల్సి వచ్చింది. తర్వాత ఏడాదిన్నరలోనే షేరు సగానికి పైగా పడింది, 2024లో అమెరికాలో కేసుల పరిష్కారానికి 110 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. ఒక్క ఉత్పత్తి మీదే బతికే చిన్న కంపెనీకి ఇలాంటిదొస్తే తట్టుకునే నగదు ఉందా అని బ్యాలెన్స్ షీట్ చూడండి.

లాభాన్ని నగదు అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. ఎముకల ఇంప్లాంట్ల కంపెనీ ప్రతి ఆసుపత్రిలో అన్ని సైజులూ సిద్ధంగా ఉంచాలి, రోగికి పట్టేది ఒక్కటే, మిగతాదంతా కంపెనీ డబ్బు అల్మారాలో కూర్చున్నట్టే. ప్రభుత్వ ఆసుపత్రుల బిల్లులు, ఆరోగ్య పథకాల బిల్లులు నెలల తరబడి ఆగుతాయని మన మెడికల్ ఏజెన్సీలవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మకాలు 20 శాతం పెరిగి, రావాల్సిన బాకీలు 40 శాతం పెరిగితే ఆ పెరుగుదలను మీ అంచనాలో యథాతథంగా వేసుకోకండి. కొత్త ఉత్పత్తిని రూపొందించడానికయ్యే ఖర్చును కొందరు ఖర్చుగా చూపకుండా ఆస్తిగా రాసుకుంటారు, లాభం బాగా కనిపిస్తుంది, కానీ ఆ డబ్బు బయటకు పోయిందే, నగదులోంచి తీసేయాలి. ఉద్యోగులకిచ్చిన ఆప్షన్లను (ముందే చెప్పిన ధరకు షేర్లు తీసుకునే హక్కు) కూడా షేర్ల సంఖ్యలో కలపండి, పై లెక్కలో 10 కోట్లు పదిన్నర కోట్లయితే 169 కాస్తా 161 అవుతుంది.

మొదటి ఏడాదిగా ఏ ఏడాదిని తీసుకుంటున్నారో చూసుకోండి. 2021లో కోవిడ్ సమయంలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు ఎలా అమ్ముడయ్యాయో గుర్తుంది కదా, అలాంటి ఏడాది మీద పెరుగుదల లెక్క కడితే మొత్తం తప్పే.

ఫలితాల ముందు నాకు బాగా పనికొచ్చేది లెక్కను తిరగేసి వేయడం. షేరు ఇప్పుడు 232 దగ్గర ఉంటే, అదే 12 శాతం రేటుతో, చివరి 5 శాతం పెరుగుదలతో, ఐదేళ్ల దాకా నగదు ఏటా ఎంత పెరగాలి? దాదాపు 22 శాతం. ఇప్పుడు ఆ కంపెనీ గత ఐదేళ్ల నగదును తీసి చూస్తే, మార్కెట్ అడుగుతున్నది దానికి చేతనవుతుందో లేదో చాలావరకు తెలిసిపోతుంది, టార్గెట్ల కోసం ఎదురు చూడక్కర్లేదు.

మన బరంపురం ఎం.కె.సి.జి. ప్రభుత్వ ఆసుపత్రి చుట్టుపక్కల షాపుల్లో ఏ కంపెనీ సరుకు ఎక్కువ పోతోందో కళ్లతో చూసి రాసుకోవడంలో తప్పేమీ లేదు, కాకపోతే ఎగుమతుల మీద నడిచే కంపెనీకి అది చిన్న ముక్కే. కానీ ఆ కంపెనీలోనే పనిచేసే బావగారో అన్నయ్యో ఫలితాలు బయటికి రాకముందే అమ్మకాల అంకె చెబితే దాన్ని షీట్లో పెట్టకండి, ఆ షేరు జోలికీ వెళ్లకండి. లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడంపై సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) 2015లో పెట్టిన నిబంధనలు చెప్పినవాళ్లకే కాదు, విని కొన్నవాళ్లకూ వర్తిస్తాయి, పైగా ఆయన ఉద్యోగమూ పోవచ్చు.